నా కర్రీ పాయింట్‌లో నేనే అనుమానితురాలిని

మారతహళ్ళి పక్కన మున్నేకొళాలలో మాకో చిన్న కర్రీ పాయింట్ ఉంది. ఇంటి కింద షెడ్డులో రెండు పొయ్యిలు, ఒక గ్రైండరు, నేను, నాకు సాయంగా ఇంకో ఆవిడ. అంతే. పొద్దున ఉగ్గాణి, బజ్జీ. పదకొండు నుంచి పప్పు, రెండు కూరలు, ఒక వేపుడు, చారు, పెరుగు చట్నీ. తినేవాళ్లంతా చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన పిల్లలే. అనంతపురం, కడప, నంద్యాల, నెల్లూరు నుంచి వచ్చి ఐటీ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు. నాకు నలభై ఆరు దాటినా అందరికీ అక్కనే.

నొప్పి 2023 దసరా అయ్యాక మొదలైంది. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించి, మిగిలిన వేపుడుతో రెండు ముద్దలు తిని పడుకుంటే పన్నెండింటికి మెలకువ వచ్చేది. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో లోపలి నుంచి పిడికిలితో నొక్కుతున్నట్టు ఉండేది. అది వీపులోకి పాకి కుడి రెక్క కింద ఆగేది. గంటో గంటన్నరో అటూ ఇటూ తిరిగేదాన్ని. తర్వాత ఏమీ జరగనట్టే పోయేది. పొద్దున్నే లేచి బజ్జీల పిండి కలుపుతుంటే, రాత్రి అంత నొప్పి నిజంగా వచ్చిందా అని నాకే అనుమానం వేసేది.

గ్యాస్ అన్నారు. మా ఆయన అన్నాడు, హిందూపురం నుంచి మా వదిన ఫోన్లో అంది, వీధి చివర క్లినిక్‌లో డాక్టరూ అదే అన్నాడు. మనవాళ్లకి మెడ కింద నుంచి మోకాళ్ల దాకా ఏది నొప్పి పుట్టినా గ్యాసే. ఆ డాక్టరు నా పొట్ట మీద చెయ్యి కూడా పెట్టలేదు. పరగడుపున వేసుకోమని మాత్ర రాసిచ్చాడు. నాలుగు నెలలు వేసుకున్నాను. వదినేమో కొండపిండాకు కషాయం తాగమంది. అది కిడ్నీలో రాళ్లకు కదా వదినా అంటే, రాయి ఎక్కడున్నా రాయే కదా అంది. అప్పటికి రాళ్ల మాట ఎవరూ అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే అందరికంటే దగ్గరగా వచ్చింది ఆవిడే.

ఫిబ్రవరిలో ఇంకో డాక్టరు ఎండోస్కోపీ చేశారు. కడుపు లోపలి పొర నుంచి నలుసంత ముక్క తీసి, పసుపు రంగు జెల్లో పెట్టి నా కళ్ల ముందే ఉంచారు. కాసేపటికి అది గులాబీ రంగుకి తిరిగింది. హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉన్నట్టు లెక్కట. కడుపులో పుళ్లకి కారణం టెన్షనూ కారమూ అని ఒకప్పుడు అనుకునేవారనీ, ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు 1984లో ఆ క్రిమిని తనే తాగి జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడనీ, 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చిందనీ ఆ డాక్టరు చెప్పారు. పద్నాలుగు రోజులు మూడు రకాల మందులు. నోట్లో పొద్దస్తమానం ఇనుప చెంచా పెట్టుకున్నట్టు రుచి. ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేది కాదు. ఆ రెండు వారాలూ కూరలు రుచి చూసే పని మా ఆయనదే, పిల్లలు తిన్నది ఆయన నాలుక మీద ఆధారపడే. గుండెల్లో మంట నిజంగానే తగ్గింది. రాత్రి నొప్పి మాత్రం తగ్గలేదు.

2024 వేసవి బెంగళూరులో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మా వీధిలో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ట్యాంకర్ ఎప్పుడొస్తే అప్పుడు డ్రమ్ములు నింపుకోవడం. ఆ నీళ్లు ఏ బోరువో, ఏ చెరువు పక్కవో అడిగే ఓపిక ఎవరికీ లేదు. మార్చి నెల మధ్యలో మా దగ్గర రోజూ తినే నంద్యాల అబ్బాయి పది రోజులు కనపడలేదు. టైఫాయిడ్, ఆసుపత్రిలో పెట్టారని వాడి రూమ్మేట్ చెప్పాడు. అయ్యో పాపం అనుకున్నాను. క్యాన్ నీళ్లే తాగమని మిగతా పిల్లలకి చెప్పాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఉగాది మర్నాడు, ఏప్రిల్ 10. కన్నడవాళ్లు హొసతొడకు అంటారు, ఆ రోజు ఇంటింటా మాంసం వండుతారు. మేమూ మటన్ తెచ్చుకున్నాం. ఆ రాత్రి వచ్చిన నొప్పి గంటన్నరకి పోలేదు. వాంతులు, తెల్లారేసరికి చలిజ్వరం. మా ఆయన ఆటో పిలుచుకొచ్చాడు.

ఆసుపత్రిలో సర్జన్ బళ్ళారి వైపు మనిషి, తెలుగు బాగా వచ్చు. కుడి పక్కటెముకల కింద వేళ్లు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చండమ్మా అన్నారు. సగం పీల్చేసరికి ఊపిరి ఠక్కున ఆగిపోయింది. ఆయన చెయ్యి తీసేసి స్కానింగ్‌కి రాశారు. ఇన్ని నెలల్లో ఎవరూ చెయ్యని పని అదొక్కటే, అర నిమిషం కూడా పట్టలేదు.

గాల్ బ్లాడర్ నిండా రాళ్లు. పెద్దది 14 మిల్లీమీటర్లు. సంచి గోడ మందం 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలట, నాది 5 ఉంది. సంచి ముడుచుకుపోయి ఉంది. పిత్తాశయం అనే మాట స్కూల్లో చదివిందే, లివర్ బొమ్మ కింద ఆకుపచ్చ రంగు వేసిన చిన్న సంచి. పైత్యం అంటే మనకి నోరు చేదవడం, లేకపోతే ఎవరికైనా తిక్క ఎక్కడం. ఆ పైత్యం నిలవ ఉండే తొట్టి అదేనని, అది నాకు ఆరు నెలలుగా చెబుతూనే ఉందని ఆ రోజు తెలిసింది.

"ఇది నిన్న మొన్నటిది కాదమ్మా. వాచడం, తగ్గడం, మళ్లీ వాచడం, అలా ఏళ్లు గడిచాక గోడ ఇలా అవుతుంది" అన్నారు సర్జన్. ఇప్పుడున్న ఇన్ఫెక్షన్ ఇంజెక్షన్లతో తగ్గించి, ఆరు వారాల తర్వాత సంచి తీసేద్దామన్నారు. కాగితం మీద రాసుకుంటూ మామూలుగా అడిగారు.

"ఎప్పుడైనా టైఫాయిడ్ వచ్చిందా?"

వచ్చింది. 2011లో హిందూపురంలో. మూడు వారాల జ్వరం, టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్ష పాజిటివ్, జావ తాగి బతికాను. చెప్పాను.

"ఏం చేస్తుంటారు మీరు?"

"కర్రీ పాయింట్ సార్."

ఆయన పెన్ను ఆగింది. నాకు నంద్యాల అబ్బాయి గుర్తొచ్చాడు.

ఆయన చెప్పిన విషయం నాకు అర్థమైనంతలో ఇది. టైఫాయిడ్ క్రిమి పేగుల్లోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి లివర్‌లోకి వెళ్తుంది. లివర్‌లో తయారయ్యే పిత్తరసంతో పాటు గాల్ బ్లాడర్‌లోకి దిగుతుంది. పిత్తరసం సబ్బునీళ్ల లాంటిది, చాలా క్రిములకి గిట్టదు. ఈ క్రిమి మాత్రం దాన్ని తట్టుకుంటుంది. అక్కడ రాళ్లుంటే ఇంకా సుఖం, వాటి మీద జిగురు పొరలా పేరుకుపోతుంది. మా ఊళ్లో దిగుడు బావి మెట్లకి పాచి పట్టేది, కొబ్బరి పీచుతో తోమినా మళ్లీ వారానికి అలాగే ఉండేది. అలాంటిదే. ఆ పొరలో దాక్కున్నదాన్ని యాంటీబయాటిక్ పూర్తిగా చంపలేదు. జ్వరం తగ్గిపోయి మనిషి బాగానే తిరుగుతుంటాడు, కానీ క్రిమి పేగుల్లోకి జారుతూ, మలంలో బయటికి పోతూ ఉంటుంది. ఏడాది దాటినా అలా పోతుంటే ఆ మనిషిని క్యారియర్ అంటారు. టైఫాయిడ్ వచ్చిన 100 మందిలో 2 నుంచి 5 మంది అలా మిగిలిపోతారు. వాళ్లలో ఎక్కువ మందికి గాల్ బ్లాడర్‌లో రాళ్లుంటాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ.

"అంటే సార్, ఆ జ్వరం వల్లే నాకీ రాళ్లా?"

"చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంటుందమ్మా. రాళ్లుంటే క్రిమికి చోటు దొరుకుతుంది. క్రిమి ఉంటే గోడ వాస్తూ ఉంటుంది. ఏది ముందో ఒక్కో మనిషిలో తేల్చడం కష్టం. అసలు మీకు ఆనాడు వచ్చింది టైఫాయిడేనా అన్నదీ విడాల్ ఒక్కదాంతో తేలదు. రక్తంలో క్రిమి ఉందేమోనని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ చేశారా?"

హిందూపురంలో 2011లో నాకు కల్చరా!

నా కడుపులో దొరికిన క్రిమి సంగతీ అడిగాను. దాని చుట్టాలైన వేరే హెలికోబాక్టర్ రకాలని 1998లో చిలీ దేశంలో కొందరి పిత్తరసంలో, గాల్ బ్లాడర్ గోడలో కనిపెట్టారట. అవి అక్కడ ఉన్నాయి సరే, జబ్బు తెచ్చింది అవేనా అన్నది మాత్రం ఇంకా తేలలేదన్నారు. నా ముఖం చూసి, ఎక్కువ ఆలోచించకండి, ఎక్కువమందికి రాళ్లు కొలెస్ట్రాల్‌వే అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ఇంటికొచ్చి, షట్టర్‌కి "ఆరోగ్యం బాగాలేనందున" అని కాగితం అంటించాను. పడుకుని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. అది చెయ్యకుండా ఉండాల్సింది. రెండో నిమిషంలోనే మేరీ మాలన్ కనపడింది. ఐర్లాండ్ నుంచి అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో డబ్బున్నవాళ్ల ఇళ్లలో వంట చేసేది. వండిన ఇళ్లలో టైఫాయిడ్ వచ్చేది, ఆమెకి ఏమీ ఉండేది కాదు. 1907లో జార్జ్ సోపర్ అనే ఆయన ఇల్లిల్లూ ఆరా తీసి ఆమెని పట్టుకున్నాడు. ఒక దీవిలో పెట్టారు. గాల్ బ్లాడర్ తీయించుకో, వదిలేస్తాం అన్నారు, ఆమె ఒప్పుకోలేదు. వంట చెయ్యనని మాటిచ్చాక 1910లో వదిలారు. వేరే పేరుతో మళ్లీ వంటలో చేరింది. 1915లో ఆమె పనిచేసిన ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి జబ్బు, ఇద్దరు చనిపోయారు. మళ్లీ దీవి. 1938లో చనిపోయేదాకా అక్కడే. రెండుసార్లూ కలిపి 26 ఏళ్లు.

అందరూ ఆమెని తిడతారు. నాకు మాత్రం, వంట తప్ప ఇంకో పని రాని మనిషిని వంట మానెయ్యమంటే ఏం చేస్తుంది అనిపించింది. ఆ ఇద్దరి సంగతి తలుచుకుని, అలా అనిపించినందుకు భయమూ వేసింది.

ఒక వివరం దగ్గర మాత్రం లేచి కూర్చున్నాను. ఆమె వండిన వేడి వంటల్లో క్రిమి బతికేది కాదట. అనుమానమంతా పచ్చి పీచ్ పండ్లు కోసి వేసి చేసే ఐస్‌క్రీమ్ మీదే. నేను ఒక నోటుబుక్కు తీసి నా వంటలన్నీ రాశాను. పప్పు మరుగుతుంది. చారు మరుగుతుంది. బజ్జీ నూనెలో వేగుతుంది. మరి పెరుగు చట్నీ? ఉగ్గాణి మీద చల్లే పుట్నాలపొడి? దింపాక వేసే కొత్తిమీర? కోసిపెట్టే ఉల్లిపాయ, నిమ్మచెక్క? అన్నీ నా చేతి మీదుగా వెళ్లేవే, పొయ్యి ఎక్కనివే. అంతకుముందు నా వంటని పొయ్యి మీదిదీ కిందిదీ అని ఎప్పుడూ విడదీసి చూడలేదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మాకు ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ రిజిస్ట్రేషన్ ఉంది, అప్పట్లో ఏటా 100 రూపాయలు కట్టి తీసుకున్నదే, కాగితం గోడకి తగిలించే ఉంది. ఆహారం ముట్టుకునేవాళ్లు ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించుకోవాలని, టైఫాయిడ్ లాంటి జబ్బులకి టీకా వేయించుకోవాలని ఆ నియమాల్లో ఉంది. నేను చేయించుకోలేదు. మా వీధిలో చేయించుకున్నవాళ్లని చూడనూ లేదు.

క్యారియర్ అవునో కాదో చూడాలంటే మలం కల్చర్ చెయ్యాలి. ఒకటి సరిపోదు, క్రిమి రోజూ బయటికి రాదు కాబట్టి వేర్వేరు రోజుల్లో మూడు. ఇంజెక్షన్లు అప్పుడే అయ్యాయి కనక ఇప్పుడు చేస్తే ఉన్నది కూడా కనపడదని రెండు వారాలు ఆగమన్నారు. ఆ రెండు వారాలు ఎలా గడిచాయో నన్నడగండి. షట్టర్ మూసి ఉంది, అద్దె నడుస్తోంది. మా ఆయన క్యాబ్ రెండు షిఫ్టులు తిప్పాడు. సాయానికొచ్చే ఆవిడకి సగం జీతమే ఇవ్వగలిగాను. పొద్దున పూట పిల్లలు వచ్చి షట్టర్ చూసి వెళ్లిపోవడం పై నుంచి కనపడేది.

నంద్యాల అబ్బాయి కోలుకుని తిరిగొచ్చాడని తెలిసి పైకి పిలిచాను. మా ఆయన వద్దన్నాడు, రేపు నలుగురికీ పాకితే వ్యాపారం మూసుకోవడమే అన్నాడు. ఆయన మాటా నిజమే. కానీ వాడు ఎనిమిది కిలోలు తగ్గి, చొక్కా వేలాడుతూ వచ్చి కూర్చుంటే నోరు ఆగలేదు. అంతా చెప్పేశాను. వాడు కాసేపు నేల చూసి, "అక్కా, నేను రోజూ సాయంత్రం ఆఫీసు గేటు దగ్గర పానీపూరీ తింటాను. మా పీజీలో ట్యాంకర్ నీళ్లే ఫిల్టర్‌కి పోస్తారు. నువ్వు ఎన్నో నంబరులో ఉంటావో" అన్నాడు. తర్వాత, "రిపోర్టు వచ్చాక మాత్రం నాకు చెప్పు" అన్నాడు. ఆ రెండో మాటకే నాకు వాడి మీద గౌరవం పెరిగింది.

మే మొదటి వారంలో మూడు శాంపిళ్లు ఇచ్చాను. డబ్బా పట్టుకుని ల్యాబ్ కౌంటర్ ముందు నిలబడే సిగ్గు గురించి వేరే చెప్పక్కర్లేదు. మొదటిది నెగెటివ్. రెండోది నెగెటివ్. మూడోదానికి మధ్యలో ఆదివారం అడ్డొచ్చి నాలుగు రోజులు పట్టింది. అదీ నెగెటివ్. నంద్యాల అబ్బాయికి మూడు కాగితాలూ ఫోటో తీసి పంపాను. వాడు ఒక దండం బొమ్మ పెట్టాడు.

మే ఆఖరు వారంలో ఆపరేషన్. నాలుగు చిన్న చిల్లులు పెట్టి చేసేదే. గాల్ బ్లాడర్ చుట్టూ అంతా అతుక్కుపోయి ఉండటంతో మామూలుగా పట్టే గంట నాకు రెండు గంటలైంది. ముందురోజే సర్జన్‌ని బతిమాలాను, సార్, ఆ పైత్యంలో ఏముందో కూడా చూడండి అని. అందరికీ చెయ్యం, మీ వృత్తిని బట్టి చేద్దాం అన్నారు. సంచిని పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందునీళ్లలో వేసేశాక ఇక అందులో ఏదీ పెరగదట, కల్చర్‌కి కావాలంటే అంతకుముందే సిరంజితో పిత్తరసం తీసి శుభ్రమైన సీసాలో విడిగా పంపాలి. ముందే అడిగాను కాబట్టి సరిపోయింది.

మెలకువ వచ్చాక పొట్ట నొప్పి కంటే కుడి భుజం నొప్పి ఎక్కువ. లోపల నింపిన గ్యాస్ వల్లట, రెండు రోజుల్లో పోయింది. చివరికి ఒక్క నొప్పైనా నిజంగా గ్యాస్ వల్ల వచ్చిందని మా ఆయనకి చెబితే, కుట్లు పట్టుకుని నవ్వాల్సి వచ్చింది. థియేటర్ బయట ఆయనకి ట్రేలో రాళ్లు చూపించారట. పదకొండు. పసుపు, గోధుమ రంగు కలిసి, పలకలు పలకలుగా, శనగగింజలంత కొన్ని, ఇంకా పెద్దవి కొన్ని.

పిత్తరసం కల్చర్‌లో ఏదీ పెరగలేదు. హమ్మయ్య అనుకునేలోపే సర్జన్, కోత పెట్టే ముందు ఒక యాంటీబయాటిక్ ఇస్తాం, దాని ప్రభావమూ ఉండొచ్చు అన్నారు. ఈ మనిషి ఒక్క మంచి మాటైనా పూర్తిగా చెప్పరు. బయాప్సీలో క్రానిక్ కోలెసిస్టైటిస్ అని వచ్చింది, అంటే ఏళ్లుగా ఉన్న వాపు. క్యాన్సర్ లేదు. దీర్ఘకాలం టైఫాయిడ్ క్యారియర్‌గా ఉన్నవాళ్లలో గాల్ బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువని, ఉత్తరాదిన గంగ ఒడ్డు ప్రాంతాల్లో ఆ క్యాన్సర్ బాగా కనపడుతుందని, అందుకే తీసిన ప్రతి సంచినీ పరీక్షకి పంపుతామని అప్పుడు చెప్పారు. ముందే చెప్పనందుకు ఆయనకి మనసులో దండం పెట్టుకున్నాను.

రాళ్ల సంగతికొస్తే, చూడ్డానికి కొలెస్ట్రాల్ కలిసినవే అన్నారు. బ్యాక్టీరియా వల్ల తయారయ్యేవి ముదురు గోధుమ రంగులో, మట్టిలా మెత్తగా ఉంటాయి. ఈ.కోలై లాంటి క్రిములు వదిలే ఒక ఎంజైమ్ వల్ల పిత్తంలోని రంగు పదార్థం విడిపోయి, కాల్షియంతో కలిసి గడ్డకట్టి అవి పుడతాయి. ఎక్కువగా పిత్తనాళంలో కనపడతాయి. నావి ఆ రకం కావు. "అయితే బ్యాక్టీరియాకి నా రాళ్లతో సంబంధం లేనట్టేనా సార్?" అంటే, కొలెస్ట్రాల్ రాళ్ల లోపల కూడా బ్యాక్టీరియా డీఎన్ఏ దొరికిన సందర్భాలున్నాయమ్మా అన్నారు. ఇక నేను అడగడం మానేశాను. "మీరు క్యారియర్ అనడానికి ఈ రోజున ఆధారం ఏదీ లేదు, వెళ్లి వంట చేసుకోండి" అని రాసిచ్చారు. టైఫాయిడ్ టీకా కూడా వేశారు, నాకూ, సాయానికొచ్చే ఆవిడకీ.

జూన్ మధ్యలో షట్టర్ ఎత్తాను. పెరుగు చట్నీ గరిటెతోనే కలుపుతున్నాను, కొత్తిమీర గ్లవ్స్ వేసుకుని చల్లుతున్నాను. సింకు దగ్గర సబ్బు అయిపోతే పని ఆగిపోతుంది, అది కొత్త రూలు. సాయానికొచ్చే ఆవిడకి ఇది చాదస్తం. నూనె వంటలు నాకే పడటం లేదు, రెండు బజ్జీలు తింటే బాత్రూముకి పరుగు. కొన్ని నెలల్లో సర్దుకుంటుందన్నారు.

మా ఆయన ఆసుపత్రి నుంచి రెండు రాళ్లు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో అడిగి తెచ్చుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. షెడ్డులో ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోయాడు. తెరిచిన మూడో రోజు నంద్యాల అబ్బాయి చారు కోసం లోపలికొచ్చి, డబ్బా తీసి వెలుతురుకి పెట్టి చూశాడు.

"అక్కా, ఇంగువ ఇంత గట్టిగా ఉందేంటి, ఎక్కడ తెచ్చావ్?"

"అక్కడ పెట్టెయ్‌రా నాయనా" అన్నాను. "పెట్టి, వెళ్లి చెయ్యి కడుక్కో."